పరపతియు ఇంటి పెంపకమును

పరపతి అను మాటకు మన తెలుగున రెండర్థములు గలవు. నలుగురిలో ఒకనికి గల మాట చెల్లుబడి ఒకటి. అప్పు పుట్టు శక్తి రెండవది. రెండింటికిని ఒకే పదమును వాడిన మన పెద్దలు లోకమెరిగినవారు. మాట చెల్లనివానికి అప్పు పుట్టదు. పుట్టినను అది పొలము వ్రాయించుకొని యిచ్చు అప్పే గాని మనుష్యుని చూచి యిచ్చు అప్పు గాదు. మన సంఘములకు పరపతి సంఘములని పేరు పెట్టినవారు ఈ రెండర్థములను తలచియే పెట్టిరో, తలపకయే పెట్టిరో గాని, పేరు మాత్రము చక్కగా అమరినది.

అప్పు దరఖాస్తు కార్యవర్గము ముందుకు వచ్చినప్పుడు జరుగు సంభాషణను మేము అనేక గ్రామములలో వినియున్నాము. సర్వే నంబరు, ఎకరములు, పైరు, పాత బాకీ - ఇవియన్నియు సెక్రటరీ చదువును. చదువుట ముగియగానే మూలనుండి ఎవరో ఒకరు, "వాడు ఫలానివాని కొడుకు గదా!" అందురు. ఒక్కొక్కప్పుడు ఆ మాటతో అప్పు మంజూరగును. ఒక్కొక్కప్పుడు ఆ మాటతోనే ఆగిపోవును. ఈ మాటలో న్యాయమెంత, అన్యాయమెంత అనునదే మేమిచ్చట విచారింపదలచిన విషయము.

మొక్కగా వంగనిది మానుగా వంగదని మనవారు పలుమారు చెప్పుదురు. ఆ సామెతలో సత్యము కలదు గాని, తోటల సంగతి తెలిసినవారు దానిని పూర్తిగా అంగీకరింపజాలరు. ముదిరి కాపు తగ్గిన మామిడిచెట్టు కొమ్మలను కోసి, కోసినచోట పుట్టిన చిగుళ్లలో బలమైనవానిని నిలిపి, వానికి మేలుజాతి పుల్లను అంటు గట్టినచో, కొన్నియేండ్లకు ఆ చెట్టే క్రొత్త జాతి పండ్లనిచ్చును. వేరు పాతది, మాను పాతది, పండు క్రొత్తది. అయితే అంటు గట్టువాడొకడు ఉండవలెను. చెట్టు తనంత తాను కట్టుకొనదు. మనుష్యుని విషయమును ఇట్టిదే యని తెలిసికొనుటకు మన సంఘముల మూలపురుషుని చరిత్రకంటె మంచి దృష్టాంతము మాకు కనబడుటలేదు.

ఆ మూలపురుషుడు జర్మనీ దేశీయుడగు ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజన్. 1818వ సంవత్సరము మార్చి 30వ తేదీన, సీగ్ నది యొడ్డునగల హామ్ అను చిన్న గ్రామమున జన్మించెను. తొమ్మండుగురు సంతానములో ఏడవవాడు. తండ్రి వ్యవసాయదారుడు, కొంతకాలము ఆ యూరికి మేయరుగా, అనగా మన గ్రామ పెద్దవలె, ఉండెను. కాని అతడు రోగపీడితుడగుటచే పిల్లల పెంపకపు భారము చాలవరకు తల్లిమీద బడెను. తొమ్మండుగురు బిడ్డలతో, మంచమెక్కిన భర్తతో, పల్లెటూర సంసారము నీదుట యెట్టిదో మన చదువరులలోని స్త్రీలకు మేము విప్పి చెప్పనక్కరలేదు. పెద్ద చదువులు చదివించుటకు ఇంట ధనము లేదు. బడి చదువు ముగిసిన పిదప ఆ యూరి పాదిరియగు సైపెల్ అను నాయన ఈ బాలుని చేరదీసి మూడేండ్లపాటు తానే పాఠములు చెప్పెను. తల్లియొద్ద దైవభక్తియు పొదుపును, పాదిరి యొద్ద విద్యయు, తోడివారి కష్టము తనదిగా తలచుటయు ఆ బాలునికి అలవడెను.

పదునేడవయేట సైన్యమున జేరెను. అచ్చటనే పెరిగి పెద్ద ఉద్యోగియగునని అందరు తలచిరి. ఇంతలో కంటిజబ్బు తగిలి 1843లో సైన్యము విడువవలసి వచ్చెను. తరువాత ప్రభుత్వపు కచ్చేరిలో పని నేర్చుకొని, 1845లో, ఇరువదియేడేండ్ల ప్రాయమున, వాయర్‌బుష్ అను ప్రాంతమునకు మేయరయ్యెను. ఇది రాళ్లనేల, చలిసీమ, చిన్న కమతముల రైతులు. ఆ మరుసటి యేడే పంటలు పోయి, 1846-47 చలికాలమున కరవు వచ్చెను. ప్రభుత్వము పంపిన ధాన్యమును రొక్కమునకే అమ్మవలెనని ఉత్తరువు. రొక్కమున్న వానికి కరవేమి? రైఫైజన్ ఆ ధాన్యమును అప్పుగానే పంచెను. ఊరిలోని కలిగినవారిచేత నిధి వేయించి, పిండి తెప్పించి, రొట్టెలు కాల్చు పొయ్యి నొకదానిని కట్టించి, పేదలకు చౌకగా, పంట వచ్చినపుడు తీర్చుకొను పద్ధతిమీద రొట్టె యిప్పించెను.

ఇచ్చట ఆగి ఒక సంగతి ఆలోచింపవలెను. మన కార్యవర్గములలో కొందరుండు తీరుగా ఆనాడు ఎవరైన నుండి, "వీడు ఫలానివాని కొడుకు, తండ్రి సంసారము నిలువబెట్టలేకపోయినాడు, వీనికి ఊరి నిధి అప్పగింతుమా?" అనియుండిన ఏమగును? తండ్రిని మాత్రమే చూచినవారు అట్లనుటకు సందున్నది. తల్లిని, పాదిరిని కూడ చూచినవారు అనజాలరు. పెంపకమన్నచో తండ్రి ఒక్కడే కాదు. ఇల్లు, ఇంటి ప్రక్క ఇల్లు, బడి, ఇన్నియు కూడియే మనుష్యుని చేయును. ఇందులో ఒకటి లోపించినచో వేరొకటి పూరింపవచ్చును. అన్నియు లోపించిన బిడ్డ సంగతియే దుస్తరము.

రైఫైజనునకు ఈ సంగతి ఎంతగా మనసున బట్టినదో అతడు చేసిన పనులే సాక్ష్యము. 1849లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌లో అతడు పెట్టించిన సంఘము, పశువుల వ్యాపారుల వడ్డీనుండి రైతులను తప్పించి, ఆవులను కొనుటకు వాయిదాల అప్పులిచ్చుటకు ఏర్పడినది. ఇది మనకు తెలిసిన పద్ధతియే. 1854లో హెడ్డెస్‌డోర్ఫ్‌లో పెట్టించిన సంఘముయొక్క ఉద్దేశములను చూడగా మనకు ఆశ్చర్యము కలుగును. రైతులకు పశువులు, అప్పులు అందులో గలవు. వానితోబాటు దిక్కులేక చెడిపోవుచున్న బిడ్డల సంరక్షణ, చెరనుండి విడుదలయైనవారికి పని చూపుట, గ్రామమునకు గ్రంథాలయము అనునవియు గలవు. అప్పిచ్చు సంఘమునకు బిడ్డల పెంపకముతో పనియేమని మనకు తోచును. అతనికి అట్లు తోచలేదు. ఈనాడు ఎవరును పట్టించుకొనని పిల్లవాడే రేపు ఎవరును నమ్మని ఋణస్థుడగునని అతని దృష్టియై యుండునని మేము తలచుచున్నాము.

ఆ ప్రయత్నము పూర్తిగా ఫలింపలేదు. కలిగినవారు ఇచ్చుట, లేనివారు పుచ్చుకొనుట అను ధర్మకార్యము కొన్నియేండ్లకు అలసిపోయెను. తక్కిన పనులు వెనుకబడి అప్పుల పని మాత్రము నిలిచెను. అంతట 1864లో ఆ సంఘమునే మార్చి, అప్పు పుచ్చుకొనువాడును సభ్యుడై, ఒకరి అప్పునకు అందరును బాధ్యులగు ఋణ సంఘముగా చేసెను. ఒకరినొకరు ఎరిగిన చిన్న ప్రదేశము, అపరిమిత బాధ్యత, జీతము లేని కార్యవర్గము, పంచుకొనరాని నిలువ నిధి - ఈ సూత్రములు అక్కడివే. అపరిమిత బాధ్యత యన్నచో పొరుగువాడు ఎగవేసిన అప్పునకు మన పొలము జవాబు చెప్పుట. అట్టి సంఘమున పొరుగువాని యింటి నడవడి మనకేల యని ఎవరును అనలేరు గదా!

ఈ పద్ధతి మన దేశమునకు వచ్చిన త్రోవను కూడ క్లుప్తముగా చెప్పుదుము. 1892లో మద్రాసు ప్రభుత్వమువారు ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని ఐరోపా దేశపు భూమి బ్యాంకులను విచారించుటకు నియమించిరి. అతని నివేదిక 1895లోను 1897లోను రెండు సంపుటములుగా వెలువడెను. పద్ధతులన్నిటిని పరీక్షించి అతడు తుదకు తేల్చినది, రైఫైజను వంటి మనుష్యుని వెదకి పట్టుకొనవలెననియే. పద్ధతిని ఓడలో దింపుకొనవచ్చును గాని మనుష్యుని దింపుకొనలేము. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. గ్రామ సంఘములలో నూటికి ఎనుబదిమంది వ్యవసాయదారులై యుండవలెననియు, బాధ్యత సాధారణముగా అపరిమితముగా నుండవలెననియు అందు విధించిరి. మనుష్యుని వెదకు పనికి మాత్రము చట్టము లేదు. అట్టివాడు ఏ కచ్చేరిలో గాక ఏదో యొక యింటి వసారాలో పెరుగుచుండును.

ఇక మన వసారాల సంగతి చూతము.

ముప్పదియేండ్ల కొడుకు ఒక ఎరువు బస్తా కొనుటకు తండ్రి ముఖము చూడవలసిన యిండ్లు మన గ్రామములలో ఎన్నియో గలవు. కొడుకు పనిలో దక్షుడే. నారు ఎప్పుడు తీయవలెనో, మడవ ఎప్పుడు కట్టవలెనో, ఏ మడిలో చౌడున్నదో వానికి తెలియును. కాని ధాన్యము ఎన్ని బస్తాలైనది, కాటా వేసిననాడు ధర యెంత, వర్తకుడు పాత బాకీక్రింద ఎంత పట్టుకొనెను అనునవి తండ్రి చొక్కాజేబులోని చీటీకి మాత్రమే తెలియును. తండ్రి దుర్మార్గుడు గాడు. కొడుకునకు దిగులెందుకని దాచును. లెక్క చెప్పినచో పెత్తనము పోవునని కొంత దాచును. తన తండ్రియు తనకు చెప్పలేదు గావున దాచుట మర్యాదయని కొంత దాచును. తండ్రి కన్నుమూసిన పెద్దకర్మ నాటికి ప్రోనోట్లు పట్టుకొని ఋణదాతలు అరుగుమీద కూర్చుందురు. నలుబదియవ యేట మొదటిసారి లెక్క చేతబట్టినవాడు తడబడక ఏమి చేయును? అప్పుడు ఊరివారు, తండ్రి సంపాదించినాడు, కొడుకు పాడుచేసినాడు అందురు. ఆ మాట మేము చాల గ్రామములలో వింటిమి. విచారింపగా, పెక్కుచోట్ల కొడుకు పాడుచేసినదేమియు లేదు; తండ్రి దాచినది బయటపడెను, అంతియే.

ఇందుకు భిన్నమైన యింటి నొకదానిని మేమెరుగుదుము. కృష్ణా కాలువక్రింద అయిదెకరముల కాపు కుటుంబము. ఆ యింటి తాతకు చదువు రాదు. ధాన్యము అమ్మిన రాత్రి, భోజనములైన పిదప, వసారాలో చాపవేసి రొక్కము నడుమ పోసి, దానిని కుప్పలుగా చేయును. ఇది సంఘము బాకీకి, ఇది రాబోవు కారు విత్తనములకు, ఇది పాలేరుకు, ఇది పండుగకు, ఇది ఆపదకు. మనుమరాలు మొదలు కోడండ్రవరకు అందరు చుట్టు కూర్చుండి చూడవలెను. ప్రతి కుప్ప దేనికో పిల్లలచేత చెప్పించును. ఒకయేడు తుపానుకు పైరు పడిపోయి కుప్పలు రెండే యైనవి. పండుగ కుప్ప లేదని పిల్లలు కన్నులార చూచిరి. క్రొత్త బట్టలకై ఎవరును ఏడ్వలేదని వ్రాసినచో అతిశయోక్తి యగును, చిన్నవాడు ఏడ్చెను. కాని బట్టలు ఎందుకు రాలేదో వానికి తెలిసెను. ఆనాడు ఏడేండ్లదియైన మనుమరాలు ఇప్పుడు అత్తవారి యూరిలో పొదుపు సంఘమునకు లెక్కలు వ్రాయుచున్నది. ఆమె చదివినది పదవ తరగతియే. లెక్క నేర్చినది చాపమీద.

దాచుటవలన కలుగు హాని ధననష్టముతో ఆగదు. 1997-98లో వరంగల్లు జిల్లాలో ప్రత్తికి పొగాకు లద్దెపురుగు తగిలి, చల్లిన మందు పనిచేయక, పంట పోయి, రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. ఆ విపత్తునకు కారణము ఇంటి పెంపకమని మేమనము, అట్లనువాడు పాపాత్ముడు. పురుగు, పనికిరాని మందులు, విత్తనమును మందును అప్పునిచ్చు వర్తకుని వడ్డీ, చాలని సంఘపు అప్పు - కారణములు అవి. అయినను ఒకటి చెప్పక తీరదు. అప్పులవారు వచ్చి చెప్పువరకు అప్పెంతయో భార్యకు తెలియని యిండ్లు అందులో గలవు. మగవాడు ఏడ్వరాదు, మగవాడు కష్టము వెళ్లబోసికొనరాదు, ఆడువారికి డబ్బు సంగతులు చెప్పరాదు అని అయిదేండ్ల పిల్లవానికి మనమే నేర్పుదుము. ముప్పదియైదేండ్లకు, పంట పోయిన రాత్రి, వాడు ఆ పాఠమునే అప్పగించును. ఇంటివారికి చెప్పినచో అప్పు తగ్గదు; నిజమే. కాని ఇద్దరు మోయు బరువు ఒకడు మోయు బరువు ఒకటి గాదు. పాడియమ్మి తీర్చవచ్చునా, వాయిదా అడుగవచ్చునా, బావమరిదిని పిలువవచ్చునా అను మాటలు ఇంకొకరి నోటినుండియే రావలెను. దిగులుతో నిండిన తలకు అవి తోచవు.

ఇట్టి దిగులుతో నున్న రైతు యెవడైన మీ వీథిలో నున్నాడని తోచినచో, వాని యింటికి పోయి కూర్చుండుడు. బాకీ మాట ఎత్తనక్కరలేదు. పశువు సంగతి అడిగినను చాలును; తక్కినది అతడే చెప్పును. సంఘపు కార్యదర్శియు బాకీ వసూలునకు మాత్రమే గాక ఇందుకును వెళ్లినచో బాగుండును.

కొట్టుట, తిట్టుట గురించి రెండు మాటలు. పొరుగువాని కొడుకును చూపి తన కొడుకును చులకన చేయుట మన తండ్రులకు చాలమందికి అలవాటు. చదువు రాలేదు గావున నాగలి పట్టుమని శిక్షగా పొలమునకు పంపుదురు. వ్యవసాయము శిక్షయని తండ్రియే చెప్పినపిదప కొడుకు దానిని ప్రేమించునని ఎట్లు ఆశింపవచ్చును? మేము పొలములలో ప్రదర్శనమునకు మడిచెక్క అడిగినపుడు, తండ్రి ముందు నోరు విప్పని యువకుడు, తండ్రి లేని సమయమున మాతో గట్టుమీద గంటసేపు విత్తనశుద్ధి గురించి మాటలాడిన సందర్భములు అనేకములు. అట్టివానికి పదిసెంట్ల మడి నొకదానిని అప్పగించి, దాని విత్తు, దాని ఖర్చు, దాని రాబడి వానివే యన్నచో, నష్టమైనను పదిసెంట్ల నష్టమే. ఆ పాఠమునకు అంత చౌకయైన బడి లేదు.

ఆడుబిడ్డల సంగతి చెప్పుటకు మరల రైఫైజను యింటికి పోవలెను. అతని భార్య 1863లో మరణించెను. ఏడుగురు సంతానములో ముగ్గురు అంతకు ముందే పోయిరి. అతనికిని ఆ యేడే విషజ్వరము తగిలి ఆరోగ్యము చెడెను. కంటిచూపు నానాటికి సన్నగిల్లెను. 1865లో ఉద్యోగము విడిచెను. పింఛను చాలక చుట్టల వ్యాపారము, పిదప ద్రాక్షసారాయి వ్యాపారము చేసెను. అయినను, దేశమంతట సంఘములు వ్యాపింపజేసిన పని ఆ తరువాతిదే. చూపులేనివాడు వందల ఉత్తరములు ఎట్లు నడిపెను? పెద్దకుమార్తె అమాలీ చదివి వినిపించెను, అతడు చెప్పగా వ్రాసెను, లెక్కలు చూచెను. ఆమె వివాహము చేసికొనలేదు. 1888 మార్చి 11న అతడు చనిపోవువరకు ఆమెయే అతని కన్ను. ఒక స్త్రీ బ్రదుకంతయు తండ్రి పనికి ధారపోయబడుట మంచిదా యని అడుగువారుందురు, అడుగవలసినదే. ఆమె మనసున ఏమున్నదో లోకము అడుగలేదు. కాని సంఘముల చరిత్ర వ్రాయువారు తండ్రి పేరు పెద్దక్షరములతో వ్రాసి కుమార్తెను ఒక పంక్తిలో ముగించుట న్యాయము గాదని మా అభిప్రాయము.

మన దేశమున చట్టము ఇంటికంటె ముందు నడచినది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి అమలునకు వచ్చిన సవరణ, ఆనాటికి వివాహము కాని కుమార్తెలకు అవిభక్త కుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానముగా హక్కునిచ్చెను. 2005లో కేంద్రపు సవరణ దేశమంతట కుమార్తెలకు ఆ హక్కు కల్పించెను. ఆ 2005 సవరణమే ఇంకొకటియు చేసినది: తండ్రి ఋణము తీర్చుట కుమారుని పుణ్యధర్మమను ఒక్క కారణముచేత, ఆ తరువాత చేసిన అప్పులకు కొడుకుమీద కోర్టుకు పోవుటకు వీలులేకుండ చేసెను. అయితే తండ్రి విడిచిన ఆస్తిని పుచ్చుకొనువారు, ఆ ఆస్తి మేరకు, అప్పునకు జవాబు చెప్పవలసినదే. పొలములో వంతు గల కూతురునకు ఆ పొలము మీది బాకీ యెంతయో తెలియకుండుట ఇప్పుడు మర్యాద కాదు, ప్రమాదము.

మొదట చెప్పిన మాటకు వత్తము. "వాడు ఫలానివాని కొడుకు" అనుటలో న్యాయము కొంత గలదు. ఇల్లు మనుష్యునిమీద ముద్ర వేయకపోదు. కాని ఆ మాట అనువాడు అంతటితో ఆగక, వాని తల్లి యెట్టిది, వానిని చేరదీసిన మేనమామ ఎవరు, వాడు తన భార్యతో లెక్క చెప్పుకొనునా, క్రిందటి వాయిదా తాను వచ్చి కట్టెనా లేక పిలిపించుకొనెనా అనునవి కూడ అడుగవలెను. తండ్రి ఎగవేసిన సంసారమునుండి వచ్చిన యువకుడొకడు దరఖాస్తు పెట్టినచో, మొదట చిన్న మొత్తమిచ్చి, వాయిదా దగ్గరగా పెట్టి, కట్టిన కొలది పెంచుట మేలు. అది మామిడికి అంటు గట్టుటవంటిదే.

ఈ నడుమ మేము కొన్ని గ్రామములలో సభ్యుల కాగితములు చూచుట తటస్థించెను. సభ్యుడు మరణించినచో అతని వాటాధనము ఎవరికి చెందవలెనో వ్రాసియుంచు నామినీ కాగితము అందు గలదు. చాలమంది భార్య పేరు వ్రాసిరి. కొందరు పెద్దకొడుకు పేరు వ్రాసిరి. "ఈ సంగతి ఆమెకు తెలియునా?" అని మేమడిగినపుడు పలువురు నవ్వి ఊరకుండిరి. ఒక వృద్ధుడు మాత్రము, "తెలియును. వ్రాసినది ఆమెయే. నేను వేలిముద్ర వేసితిని" అనెను.

మీ పాసు పుస్తకమును తెచ్చి సెక్రటరీచేత బాకీ మొత్తము, వడ్డీ, వాయిదా తేదీ వ్రాయించుకొనుటకు పావుగంట పట్టును. దానిని ఇంట చదివి వినిపించుటకు అంతకంటె పట్టదు. చదువురాని సభ్యులు బడికి పోవు పిల్లలచేత చదివించుకొనవచ్చును.